సైకిలుపై ల్యాప్‌టాపు, కాగితములు

కొల్లేటిసీమ బడులకు సైకిలుపై పోవు ఉపాధ్యాయినికిని, తాడేపల్లిగూడెమున 2015లో నెలకొనిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు బోవు విద్యార్థికిని నేడు పుస్తకములతో బాటు ల్యాప్‌టాపును మోయక తప్పదు.

వీపున తగిలించుకొన్నచో గతుకుల దెబ్బను దేహమే మ్రింగును గావున యంత్రమునకు సుఖమే. మోయువారికి మాత్రము కాదు. వెనుక క్యారియరుపై గట్టినచో దెబ్బ యంత్రమునకే తగులును. కావున దానిని పూర్తిగా ఆపివేసి, ప్రాత నూలుచీర మడతలలో జుట్టి, ప్రక్కసంచిలో నిలువుగా నుంచుట మేలు. సంచి చక్రపు ఊచలకు తగులరాదు.

ఇక వాన. తమ్మిలేరు, బుడమేరుల నీరు కొల్లేటికే చేరును. ఆ పల్లపు దారులలో నీరు నిలుచుట క్రొత్త గాదు. అట్టిచోట యంత్రముకంటె ముందు కాగితములను గాపాడవలయునని నా మతము. యంత్రము చెడినచో బాగుచేయించుకొనవచ్చును. లంకగ్రామపు బాలిక మూడు గంటలు కూర్చుండి సిరాతో వ్రాసిన జవాబులు తడిసి చెరగినచో మఱల నెవరు వ్రాయుదురు? వానిని వేఱుగా ప్లాస్టిక్కు సంచిలో నుంచి, మూతిని రెండుమార్లు మడచి కట్టవలెను. అన్నపు క్యారేజిని ఆ సంచి దరికే రానీయరాదు. పులుసు కారుట వానకంటె తఱచు!

యంత్రము తడిసినదని తోచినచో ఇల్లు చేరగనే మీట నొక్కి చూడరాదు. లోని తడి పూర్తిగా నాఱువఱకు దానికి విద్యుత్తు తగులనీయరాదు.