గంజిని తినే చిన్న జీవులు



పోయిన నెల మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చి సొరబుర్రలో చోడి అంబలి తెచ్చింది. పులిసిన వాసన వచ్చింది. "దీంట్లో బాక్టీరియా ఉంటాది, రోగాలొస్తాయి, నేను తాగను" అన్నాను. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. అమ్మ ఏమీ అనలేదు. బుర్ర పట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత సైన్సు టీచరు గారు చెప్పిన పాఠం విన్నాక నా తప్పు తెలిసింది.

అన్నం బాగా నమిలితే తియ్యగా అవుతుంది కదా! అన్నంలోని పిండిపదార్థం చక్కెర ముక్కలతో కట్టిన గొలుసు లాంటిది. మన ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము ఆ గొలుసును తెంపుతుంది. ఇలాంటి ఎంజైమునే 1833లో ఫ్రాన్సులో పేయన్, పెర్సో అనే శాస్త్రవేత్తలు బార్లీ మొలకల నుండి తీశారు.

మట్టిలో ఉండే బాసిల్లస్ బాక్టీరియాకు నోరు లేదు. పెద్ద గొలుసును మింగలేదు. అందుకే అమైలేజును బయటికి వదిలి, పిండిని ముక్కలు చేసి, ఆ ముక్కలను పీల్చుకుంటుంది. ఫ్యాక్టరీలో ఈ గుణాన్నే వాడుకుంటారు.

తయారుచేసే పద్ధతి:
1. పెద్ద స్టీలు ట్యాంకులో నీళ్ళు, పిండి, సోయా పిండి, లవణాలు కలుపుతారు.
2. వేరే క్రిములు చచ్చిపోవడానికి ఆవిరితో 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు.
3. చల్లార్చి, మంచి బాసిల్లస్ విత్తనం వేస్తారు. మనం పాలలో తోడు వేసినట్టే.
4. గాలి పంపుతూ, కలుపుతూ కొన్ని రోజులు పులియబెడతారు.
5. బాక్టీరియాను వడకట్టి తీసేస్తారు. మిగిలిన నీటిలో అమైలేజ్ ఉంటుంది. దాన్ని చిక్కబరుస్తారు.

దీని ఉపయోగం ఏమిటి? మగ్గం మీద పడుగు దారాలు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజి పోకపోతే బట్టకు రంగు సరిగ్గా పట్టదు. యాసిడ్‌తో తీస్తే నూలు కూడా పాడవుతుంది. అమైలేజ్ అయితే గంజిని మాత్రమే తింటుంది, నూలును ముట్టదు. మొక్కజొన్న పిండి నుండి గ్లూకోజు తియ్యడానికి, బట్టల సబ్బు పొడిలోనూ వాడతారు.

మీరూ చూడండి. చల్లారిన పల్చటి గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. వేరే గిన్నెలో గంజికి ఉమ్మి కలిపి, అరగంట ఉంచి, అప్పుడు చుక్క వేయండి. నీలం తగ్గిపోతుంది, లేదా అసలు రాదు.

అంబలిని పులియబెట్టేది వేరే జాతి బాక్టీరియా. అది పుట్టించే పులుపులో చాలా చెడ్డ క్రిములు పెరగలేవు. కుళ్ళడం వేరు, పులియడం వేరు. అన్ని బాక్టీరియాలూ రోగాలు తేవు.

ఈసారి అమ్మ వస్తే అంబలి అడిగి తాగుతాను. ఈ పాఠం అమ్మకు మా భాషలో చెబుతాను.