చికిత్స ముగిసింది, మరి ఇంట్లోనే ఎందుకు?



ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. పి.ఎస్.ఎ. రక్తపరీక్ష బాగుంది. అయినా ఆ పెద్దాయన ఆదివారం చర్చికి రావడం మానేస్తారు. పాటకు లేచి నిలబడితే మూత్రం చుక్కలు పడతాయని భయం. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మెట్రోలో మూడో స్టేషనే. అయినా అక్కడున్న కూతురి ఇంటికీ వెళ్ళరు. కారణం ఎవరికీ చెప్పరు. ఇలాంటి పెద్దలు మన మధ్య ఉన్నారు. వారికి మేము చెప్పేది ఒక్కటే: ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, వైద్యం ఉన్న విషయం.

మూత్రం ఎందుకు కారుతుంది?

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం క్రింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దానిని తీసినప్పుడు మూత్రాన్ని ఆపే కండరం బలహీనపడుతుంది. చాలామందికి 6 నుండి 12 నెలలలో ఇది బాగా తగ్గుతుంది.

ఏమి చేయాలి?

* గొట్టం తీసిన తరువాత, డాక్టరు చెప్పినప్పుడు వ్యాయామం మొదలుపెట్టండి. గ్యాస్ ఆపుకున్నట్లు కండరాన్ని బిగించి, 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒకసారికి 10 చొప్పున రోజుకు 3 సార్లు చేయండి. ఊపిరి బిగపట్టవద్దు.
* మంచినీళ్ళు మానకండి. టీ, కాఫీలు తగ్గించండి.
* బయటికి వెళ్ళేటప్పుడు ప్యాడ్ వాడండి. మందుల షాపుల్లో దొరుకుతాయి.
* ఏడాది దాటినా తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో సరిచేసే మార్గాలున్నాయి.

రేడియేషన్, హార్మోన్ వైద్యం తరువాత

రేడియేషన్ తీసుకున్నవారికి మాటిమాటికి విరేచనం కావచ్చు. మలంలో రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోండి. హార్మోన్ ఇంజెక్షన్లతో ఒంట్లో ఆవిర్లు, నీరసం వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి. రోజూ నడక మంచిది. షుగరు, ఎముకల పరీక్షలు చేయించుకోండి.

భార్యాభర్తల మధ్య

అంగస్తంభన తగ్గడం సాధారణం. కోలుకోవడానికి ఒకటి రెండేళ్ళు పట్టవచ్చు. మందులున్నాయి, కానీ సొంతంగా కొని వాడకండి. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవారికి అవి ప్రాణాపాయం. ఈ క్యాన్సర్ భార్యకు అంటుకోదు. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు రండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. అలాంటి సహోదరునికి తలుపు దగ్గర చివరి కుర్చీ ఉంచండి. మధ్యలో లేచి వెళితే తిరిగి చూడకండి.

దేవుడు పొడిగించిన ఆయుష్షును నలుగురితో కలిసి గడపండి.