గర్భస్థ శిశువు ఱొమ్ములో నీరు



గర్భములో శిశువు చుట్టు నుండు ఉమ్మనీరు మేలు చేయును. శిశువు ఱొమ్ములోపల చేరు నీరు కీడు చేయును. ఈ రెండవదానిని గూర్చి నేడు మనవి చేసెదను.

ఊపిరితిత్తులను కప్పియున్న పొరల నడుమ తడి మాత్రమే యుండవలెను. కొందఱు శిశువులకు అచ్చట నీరు నిలుచును. లింఫు అను రసమును కొనిపోవు నాళములు సరిగా నేర్పడకపోవుట యొక కారణము. గుండెజబ్బు, రక్తహీనత, అంటురోగము, క్రోమోజోముల దోషము మఱికొన్ని కారణములు.

కడుపులోని బిడ్డ గాలి పీల్చదు గదా, నీరున్న నేమి యని మీరడుగవచ్చును. రాతిక్రింద చిక్కిన పిందె యెట్లు పెరుగదో, నీటి యొత్తిడిలో ఊపిరితిత్తు లట్లే పెరుగవు. పుట్టిన పిదప బిడ్డకు ఊపిరి యాడదు. నీరు మిక్కుటమైనచో గుండె ప్రక్కకు ఒరిగి, రక్తము మరలివచ్చు త్రోవ యడ్డగింపబడి, శిశువు శరీరమంతయు వాచును.

1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు అను వైద్యుడు, చెవికి వినరాని ధ్వనితో గర్భమును చూచు విధమును ప్రకటించెను. నేటి స్కానింగు దానినుండి పెరిగినదే. దానివలన ఈ నీరు ముందే కనబడుచున్నది. 1988లో లండను వైద్యుడు చార్లెస్ రాడెక్, ఆయన సహచరులు, ఈ నీటిని గర్భములోనే చాలకాలము తీసివేయు చికిత్సను ప్రకటించిరి.

సూదితో నీరు తీసినచో పలుమారు కొన్ని దినములలోనే మరల చేరును. కావున స్కానింగులో చూచుచు, తల్లి కడుపుగుండ సన్నని గొట్టమును పంపి, ఒక కొనను శిశువు ఱొమ్ములోను, రెండవదానిని ఉమ్మనీటిలోను నిలుపుదురు. పొలములో నిలిచిన నీటిని గండికొట్టి కాలువలోనికి విడిచినట్లు, ఆ నీరు వెలుపలికి పోవును. బిడ్డ పుట్టగనే గొట్టమును బిగించి తీసివేయుదురు. లేనిచో గాలి లోపల జొచ్చును.

ఇది యందఱికిని అవసరము కాదు. కొలది నీరు తనంతట ఇంకిపోవచ్చును. అట్టి వారిని కనిపెట్టి చూచిన చాలును. గొట్టము జాఱుట, ఉమ్మనీటిసంచి చినుగుట, నెలలు నిండకమునుపే కాన్పగుట అను అపాయములును కలవు. క్రోమోజోముల దోషమును గొట్టము మాన్పజాలదు.

పెద్దలారా! ఈ నీరు గ్రహణమువలన గాని, కోడలు తిన్న తిండివలన గాని చేరినది కాదు. ఆమెను నిందింపకుడు. పెద్ద ఆసుపత్రికి పొమ్మని వైద్యులు చెప్పినపుడు, మంచిదినమునకై వేచియుండక పంపుడు. శరీరమంతయు వాచిన పిదప చికిత్స ఫలించు ఆశ తగ్గును. మీ నోటి మాటయే యింటిలో చెల్లును గనుక, ఆ మాట వేళకు పలుకుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.