ఒక్క చార్టు - నాలుగు పర్సులు

ప్రియమైన చెల్లెళ్ళకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేశారు. ఎం.ఎస్సీ. లెక్కలు చదువుతున్నదాన్ని కాబట్టి లెక్కల గురించే రాస్తానని మీరు అనుకుని ఉంటారు. నిజమే, రాస్తున్నది లెక్క గురించే. కాకపోతే ఈ లెక్కను నోటుబుక్కులో కాక చార్టు మీద చేయాలి. జవాబు సరిగ్గా వస్తే మీ చేతిలో ఒక అందమైన కాగితపు పర్సు ఉంటుంది. అందులో ఏ కానుకైనా పెట్టి ఇవ్వవచ్చు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక స్నేహితురాలు పుట్టినరోజుకి ఇంటికి పిలిచింది. కాస్మెటిక్ ఛార్జీల్లో మిగుల్చుకున్న డబ్బులతో డజను మట్టిగాజులు కొన్నాను. చుట్టడానికి ఏమీ లేక పాత పేపర్లో చుట్టి తీసుకువెళ్ళాను. అక్కడ బల్ల మీద మెరుపు కాగితాలు చుట్టి, రిబ్బన్లు కట్టిన పెట్టెలు వరుసగా ఉన్నాయి. నా పొట్లం సంచిలోంచి బయటికి తీయలేకపోయాను. కేకు తిని, గాజులు మళ్ళీ హాస్టల్‌కే తెచ్చుకున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు. పొట్లం చూసుకుని నేనే సిగ్గుపడ్డాను.

ఆ వేసవి సెలవుల్లో ఇంటి దగ్గర చార్టుతో పెట్టె చేయబోయి రెండు చార్టులు పాడు చేశాను. ఎన్నిసార్లు చేసినా మూలలు కలిసేవి కావు. మా అమ్మ బీడీలు చుడుతుంది. తునికాకు మీద రేకుముక్క పెట్టి దాని అంచు వెంట కత్తెర తిప్పుతుంది. ఎన్ని ఆకులు కోసినా అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. నా అవస్థ చూసి, "ఒక్కపారి రేకు సక్కగ చేసుకుంటే నూరాకులు కొయ్యొచ్చు బిడ్డా. నువ్వు ఆకాకుకూ కొత్తగ కొలుస్తున్నవ్" అంది. అమ్మ బడికి పోలేదు. అయినా నాకు కొలత విలువ నేర్పింది అమ్మే. మరుసటి ఏడాది అదే స్నేహితురాలికి అవే గాజులు ఈ పర్సులో పెట్టి ఇచ్చాను.

అడుగు భాగం గొప్పతనం

మనం చేసే పర్సు బల్ల మీద తనంతట తాను నిలబడాలి. అందుకు దానికి చదునైన అడుగు ఉండాలి. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ దీని వెనుక ఒక కథ ఉంది. అమెరికాలో మార్గరెట్ నైట్ అనే ఆమె చిన్న వయసులోనే చదువు మాని బట్టల మిల్లులో పనికి చేరింది. తర్వాత కాగితపు సంచుల కంపెనీలో పనిచేస్తూ, చదునైన అడుగు ఉండే సంచులు చేసే యంత్రాన్ని తయారు చేసింది. ఆ ఆలోచనను మరొకతను తనదిగా చెప్పుకుంటే కోర్టులో పోరాడి గెలిచి, 1871లో తన పేరు మీద పేటెంటు తెచ్చుకుంది. ఈసారి దుకాణంలో కాగితపు సంచి చూసినప్పుడు దాని అడుగు తిప్పి చూడండి.

కావలసిన వస్తువులు

56 × 71 సెం.మీ. (22 × 28 అంగుళాలు) రంగు చార్టు ఒకటి, స్కేలు, పెన్సిలు, కత్తెర, సిరా అయిపోయిన బాల్‌పెన్ను, జిగురు, సూది దారం, పాత చొక్కా గుండీలు, బట్టల క్లిప్పులు, పాత నోటుబుక్కు అట్ట.

కాగితం మందాన్ని జి.ఎస్.ఎం.తో చెబుతారు. అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. జిరాక్సుకు వాడే ఎ4 కాగితం మామూలుగా 70 - 80 జి.ఎస్.ఎం. ఉంటుంది. దానితో పర్సు నిలబడదు. దుకాణంలో మందం చార్టు అడిగి తీసుకోండి.

జిగురు కొనలేకపోతే చెంచాడు మైదాను నాలుగైదు చెంచాల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించండి. చిక్కబడి కాస్త నిగనిగలాడగానే దించాలి. ఏ రోజుది ఆ రోజే వాడుకోవాలి. పురుగు పట్టకుండా బైండింగ్ చేసేవాళ్ళు ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మనం కలపకూడదు.

కొలతలు

పర్సు వెడల్పు 12 సెం.మీ., ఎత్తు 9 సెం.మీ., మందం 5 సెం.మీ. డజను సన్న గాజులు, చేతిరుమాలు, కమ్మలు ఇందులో పడతాయి. ఒక పర్సుకు 25 × 34 సెం.మీ. ముక్క కావాలి. చార్టులో 56 సెం.మీ. వైపు రెండు (50), 71 సెం.మీ. వైపు రెండు (68) వస్తాయి. అంటే నాలుగు పర్సులు. పక్కన 6 సెం.మీ. వెడల్పున పొడుగాటి పట్టీ మిగులుతుంది. దాంట్లోంచి 3 × 30 సెం.మీ. ముక్కలు నాలుగు, అంటే నాలుగు పర్సులకూ పిడులు వస్తాయి. మొదట ఈ కొలతలతో అట్ట మీద ఒక నమూనా కోసి పెట్టుకోండి. అమ్మ రేకుముక్క లాగా అది ఎన్నిసార్లయినా పనికొస్తుంది.

తయారు చేసే విధానం

1. ముక్కను నిలువుగా పెట్టుకుని, పై అంచు నుంచి 9, 14, 23, 28 సెం.మీ. దగ్గర అడ్డగీతలు గీయాలి. పై నుంచి వరుసగా ముందు భాగం (9), అడుగు (5), వెనుక భాగం (9), పైకప్పు (5), మూత (6) అవుతాయి. మొత్తం 34.

2. ఎడమ అంచు నుంచి 6.5, 18.5 సెం.మీ. దగ్గర నిలువుగీతలు గీయాలి. మధ్యలో ఉన్న 12 సెం.మీ. పర్సు వెడల్పు. వెనుక భాగానికి మాత్రం రెండు పక్కలా 6.5 సెం.మీ. ఉంచాలి. అందులో 5 పర్సు పక్క గోడకు, చివరి 1.5 జిగురు పట్టీకి. అడుగు భాగానికి రెండు పక్కలా 1.5 సెం.మీ. జిగురు పట్టీ ఉంచి, మిగతాది కత్తిరించాలి. ముందు భాగం, పైకప్పు, మూతల పక్కన ఉన్నదంతా కత్తిరించాలి. ఆ ముక్కలు పారేయకండి.

3. అడుగు పట్టీ, పక్క గోడ కలిసే చోట 1.5 సెం.మీ. గీతను కత్తిరించి వాటిని విడదీయాలి. పట్టీల మూలలు కాస్త ఏటవాలుగా కోయాలి. మూత చివర రెండు మూలల దగ్గర గాజు ఆనించి గుండ్రంగా గీసి కోస్తే అందంగా ఉంటుంది.

4. మడత పెట్టే గీతలన్నిటి మీద స్కేలు ఆనించి, సిరా లేని పెన్నుతో గట్టిగా ఒకసారి గీయాలి. గీత మీద కాగితం నొక్కుకుపోయి, మడత నిటారుగా వస్తుంది. కాగితంలోని పోగులు ఎక్కువగా ఒకే దిక్కున ఉంటాయి. చార్టును అటూ ఇటూ మెల్లగా వంచి చూస్తే ఒక వైపు తేలిగ్గా వంగుతుంది. అడ్డగీతలు ఆ మడత దిక్కున వచ్చేలా నమూనా పెడితే మంచిది. కుదరకపోతే గీతను రెండుసార్లు నొక్కండి.

5. అతికించక ముందే గుండీలు కుట్టాలి. మూతకు దాని చివరి అంచు నుంచి 1.5 సెం.మీ. లోపల ఒకటి, ముందు భాగానికి పై అంచు నుంచి 7.5 సెం.మీ. కింద ఒకటి. రెండూ మధ్యలో, రంగు వైపు ఉండాలి. నేను మొదటిసారి అతికించాక కుట్టబోయాను. లోపలికి చెయ్యి పట్టక పర్సు నలిగిపోయింది.

6. పక్క గోడలను, అడుగు పట్టీలను లోపలికి మడవాలి. పట్టీలకు బయటి వైపు పల్చగా జిగురు రాసి, అడుగు పట్టీలను పక్క గోడలకు, పక్క గోడల పట్టీలను ముందు భాగానికి లోపలి వైపు అంటించాలి. జిగురు ఎక్కువైతే నీటికి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. క్లిప్పులు పెట్టి అరగంట కదపకండి.

7. పిడి ముక్కను నిలువునా మూడు మడతలు వేసి అంటిస్తే 1 సెం.మీ. వెడల్పు గట్టి పట్టీ అవుతుంది. రెండు చివర్లూ పక్క గోడల బయట 3 సెం.మీ. మేర అంటించాలి. అడుగున 11.5 × 4.5 సెం.మీ. అట్ట ముక్క వేస్తే బరువుకు కుంగదు. మూత పిడి కింద నుంచి దూర్చి, గుండీలకు దారం ఎనిమిది అంకె లాగా చుడితే పర్సు మూసుకుంటుంది.

జతగా ఇంకొన్ని

పైకప్పు, మూతల పక్కన కోసిన 6.5 × 11 సెం.మీ. ముక్కలు రెండు ఉంటాయి. ఒకదాన్ని మధ్యకు మడిస్తే శుభాకాంక్షల కార్డు. రెండో దాంట్లో కంపాసుతో 3 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, బయటి నుంచి మధ్యకు నత్తగుల్ల చుట్టులా కత్తిరించండి. బయటి కొస నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివర మిగిలిన గుండ్రటి ముక్క మీద జిగురుతో నిలబెడితే గులాబీ. దాన్ని మూత మీద ఒక పక్కన అంటించండి. ముందు భాగం పక్కన కోసిన ముక్కల్లో ఒకటి 3 × 6 సెం.మీ.కు కోసి, చిల్లు పెట్టి దారం కడితే పేరు రాసే చీటీ. ఇంకొకటి 4.5 × 6 సెం.మీ.కు కోసి, 2 సెం.మీ. దూరంలో సూదితో రెండు చిల్లులు పెడితే కమ్మలు గుచ్చే అట్ట. అన్నీ ఒకే చార్టులోవి కాబట్టి రంగు వేరుగా వెతకాల్సిన పని లేదు. చమ్కీలు, కుందన్లు మీ ఇష్టం. తక్కువ పెడితేనే బాగుంటుంది.

చెల్లెళ్ళూ, ఒక గదిలో నలుగురు కలిసి ఒక్క చార్టు కొనుక్కోండి. ఈ వార్షికోత్సవానికి మొదటి పర్సు మనకు రోజూ వండిపెట్టే వంట అమ్మకు ఇవ్వండి. రేపు ఎవరైనా పుట్టినరోజుకి పిలిస్తే సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోకండి. బయటికి తీసి, "నేనే చేశాను" అని చెప్పి ఇవ్వండి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పట్టా చేతికొచ్చిన రోజు అమ్మకు ఎర్ర చార్టు పర్సులో గాజులు పెట్టి ఇచ్చాను. కొంగుముడి తప్ప పర్సు ఎరగని మనిషి. గాజులు అప్పుడే వేసుకుంది. పర్సును అటూ ఇటూ తిప్పి, మూలలు వేలితో తడిమి చూసి, "ఇప్పుడు కలిసినయ్" అంది. ఇప్పుడు అందులో తన బీడీ కార్మికుల గుర్తింపు కార్డు దాచుకుంటోంది.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (గణితం) ద్వితీయ సంవత్సరం