నీటిలో చప్పుడు విని లెక్కపెట్టడం



మార్కాపురంలో నాలుగు వేసవులు కాపురం చేసిన ఇల్లాలికి ఒక విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది. వంటింట్లో ఉండగానే వీధి మలుపులో చప్పుడు విని, వచ్చేది నీళ్ళ ట్యాంకరా, పలకల లారీయా చెప్పేస్తుంది. బిందెలు పట్టుకుని పరుగెత్తేది ఆ తర్వాత. కంటితో చూడకుండా చెవితో పట్టుకునే ఈ విద్యనే శాస్త్రజ్ఞులు సముద్రంలో వాడుతున్నారు, అంతరించిపోతున్న జంతువులు ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి!

మన నల్లమలలో పులుల లెక్క సంగతి మీరు వినే ఉంటారు. గిద్దలూరు, మార్కాపురం అడవుల్లో చెట్లకు కెమెరాలు కడతారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కనుక, ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో తేలుస్తారు. 2022 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు 63 వచ్చాయి. మరి నడిసముద్రంలో కెమెరా ఏ చెట్టుకు కట్టేది? పైగా డాల్ఫిన్ వంటివి ఊపిరి కోసం క్షణంసేపు పైకి వచ్చి మళ్ళీ మునిగిపోతాయి.

అయితే వాటికొక అలవాటుంది. టిక్కు టిక్కుమని చప్పుడు చేసి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారీ, తిండీ వెతుక్కుంటాయి. గబ్బిలం చేసే పనే. కనుక ఎక్కువసేపు నోరు మూసుకుని ఉండలేవు. (ఊరికే మనల్ని అంటారు గాని!)

మెక్సికో దేశంలో, కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన వాకీటా అనే జంతువు ఉంది. అయిదడుగుల పొడవు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని చప్పుడు మన చెవికి అందనంత హెచ్చు శ్రుతిలో ఉంటుంది. అందుకని 2011 నుంచి వేసవిలో 46 చోట్ల నీళ్ళలోకి యంత్రాలు దించారు. అవి వారాల తరబడి అక్కడే ఉండి, ఏ క్షణాన టిక్కుమన్నదో నమోదు చేసుకుంటాయి.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పది టిక్కులు వినిపిస్తే పది జంతువులా, ఒకటే పదిసార్లు అరిచిందా? వానాకాలం రాత్రి కంభం చెరువు కట్ట మీద నిలబడి కప్పల అరుపు వినండి. ఎన్ని కప్పలో చెప్పలేం. కాని పోయిన ఏడు చెవులు చిల్లులు పడేట్టు అరిచినవి ఈ ఏడు అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తే, తగ్గాయని మాత్రం చెప్పగలం. యంత్రాలు ముందుగా చెప్పేదీ అదే. 2011, 2015 మధ్య వాకీటాలు ఏటా సగటున మూడోవంతు తగ్గుతూ వచ్చాయట! 2015లో ఓడ మీద నుంచి కంటితో చూసిన లెక్కనూ, ఓడ పోలేని లోతు తక్కువ నీళ్ళలో యంత్రాలు విన్న లెక్కనూ కలిపితే సుమారు 60 అని తేలింది. 1997లో అవి 570 దాకా ఉండేవి.

వాటిని చంపాలని ఎవరూ అనుకోలేదండీ. టొటొవాబా అనే చేప కోసం వేసిన వలల్లో చిక్కుకుని, పైకి రాలేక, ఊపిరాడక చచ్చిపోతున్నాయి. ఆ చేప పొట్టలోని గాలితిత్తికి చైనాలో విపరీతమైన ధర. ప్రభుత్వం 2015లో ఆ రకం వలలు నిషేధించింది. జాలర్లకు కొన్నాళ్ళు పరిహారమూ ఇచ్చింది. వల మానుకున్న ఇంట రేపు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ముందే ఆలోచించవలసిన మాట కాదూ? వలలు దొంగచాటుగా పడుతూనే వచ్చాయి. 2016 చివరికి మిగిలినవి 30. 2023లో వెతికితే 10 నుంచి 13 కనిపించాయి, వాటిలో పిల్లలు కూడా ఉన్నాయి. 2024లో కనిపించినవి 6 నుంచి 8.

మన దేశంలో గంగానది డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేనట్టే. బతుకంతా చెవి మీదే. 2025 మార్చిలో ప్రకటించిన నదీ డాల్ఫిన్ల లెక్కకు పడవల మీద మనుషులు చూస్తూ లెక్కపెడుతుంటే, వాళ్ళ కంటపడకుండా పోయినవాటి ఆచూకీ నీళ్ళలోకి వదిలిన మైకులు పట్టిచ్చాయి. మొత్తం 6,327. అందులో 6,324 గంగ జాతివి. సింధునది జాతివి, పంజాబులో బియాస్ నదిలో, మూడంటే మూడు.