26 పాఠాలు, 26 అధ్యాయాలు: ఇంటి చదువులో రెండు లెక్కల పుస్తకాలు

ఓపెన్ స్కూల్ నడిపే జాతీయ సంస్థ ఎన్‌ఐఓఎస్ వారి పదో తరగతి స్థాయి లెక్కల పుస్తకంలో 26 పాఠాలు ఉన్నాయి. పాఠాలు తగ్గించాక 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో తొమ్మిదో తరగతికి 12, పదో తరగతికి 14 అధ్యాయాలు. కలిపితే అవీ 26. లెక్క సరిపోయింది కదా అని ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టుకుని మొదటి పేజీ నుంచి చెప్పడం మొదలుపెడితే పిల్ల సగంలోనే అలసిపోతుంది.

ఇలా ఇంట్లోనే లెక్కలు చదవాల్సిన అవసరం ఎవరిది? కర్నూలు జిల్లా పడమటి వైపు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు లాంటి మండలాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. వెంట వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు చాలా దూరం వెళ్లిపోయి ఉంటాయి. కడప పల్లెల్లోనూ జబ్బు వల్లనో, ఇంటి పనివల్లనో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ఉచిత నిర్బంధ విద్య చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఆ తర్వాత ఇంట్లో చదివే పిల్లకు దారి ఓపెన్ స్కూలే. చేతిలో ఉండేది ఎన్‌ఐఓఎస్ పుస్తకం, అటక మీద దొరికేది అక్క చదివిన పాత రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకం, పక్కింటి పిల్లాడి బడి సంచిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. ఎందుకంటే 2024-25లో మన రాష్ట్ర పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌కు మారింది.

ముందు గంటలు లెక్కేద్దాం. రోజుకు గంట, వారానికి 6 రోజులు, 40 వారాలు: మొత్తం 240 గంటలు. ఒకే పుస్తకమైతే పాఠానికి 9 గంటల పైచిలుకు దొరుకుతుంది. రెండూ పూర్తిగా చదివిస్తే 52 పాఠాలు, ఒక్కోదానికి నాలుగున్నర గంటలు. వర్గ సమీకరణాలు నాలుగున్నర గంటల్లో ఒంటబట్టవు. అందుకే పరీక్ష ఏ బోర్డుదో ఆ పుస్తకమే ప్రధానం. దాని 26 పాఠాలకు తలా 7 గంటలు ఇస్తే 182 అవుతాయి. మిగిలిన 58 గంటలే ఇతర పుస్తకాలకు, పాత ప్రశ్నపత్రాలకు.

ఆ 58 గంటలు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే విషయసూచికలు చూడాలి. ఎన్‌ఐఓఎస్‌లో బీజగణితానికి 7 పాఠాలు, వాణిజ్య గణితానికి 2, జ్యామితికి 10, క్షేత్రమితికి 2, త్రికోణమితికి 2, సాంఖ్యక శాస్త్రానికి 3. అంటే త్రికోణమితి వాటా పుస్తకంలో 8 శాతం లోపే. సీబీఎస్‌ఈ పదో తరగతి రాత పరీక్షలో మాత్రం 80 మార్కులకు 12, అంటే 15 శాతం దానిదే. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలనుకునే పిల్లకు ఎన్‌ఐఓఎస్ ఇచ్చే అభ్యాసం చాలదు. ఎత్తులు, దూరాల లెక్కలకు ఎన్‌సీఈఆర్‌టీ నుంచి 15 గంటలు తీసుకోవాలి. జ్యామితి సంగతి వేరు. ఆ 10 పాఠాలూ వరుసగా వస్తాయి. వాటిని ఏకబిగిన చెప్పకుండా మధ్యలో బీజగణితం కలిపితే మంచిది.

ఎన్‌ఐఓఎస్, పాత ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కలిసి మేలు చేసే చోటు వడ్డీ. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిది, పది తరగతుల పుస్తకాల్లో దానికి అధ్యాయమే లేదు. ఎన్‌ఐఓఎస్‌లో 8వ పాఠం శాతాలు, వడ్డీలు, 9వ పాఠం వాయిదాల కొనుగోలు. బోరు కోసమో, విత్తనాల కోసమో అప్పు తేని ఇల్లు మన వైపు అరుదు కాబట్టి ఈ లెక్క పిల్లకు పరాయిది కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2, ఏడాదికి 24 శాతం. 50,000 తెస్తే బారువడ్డీతో కట్టాల్సింది మొదటి ఏడాది చివర 62,000, రెండో ఏడాది 74,000, మూడో ఏడాది 86,000. ప్రతిసారీ 12,000 కలుస్తోంది. ఇది అంకశ్రేఢి. అదే ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపే చక్రవడ్డీ అయితే 62,000, 76,880, ఆపైన 95,331 రూపాయలు. ప్రతిసారీ 1.24తో హెచ్చవుతోంది. ఇది గుణశ్రేఢి. మూడేళ్లలో తేడా 9,331 రూపాయలు. ఎన్‌ఐఓఎస్ పుస్తకం అంకశ్రేఢి దగ్గరే ఆగుతుంది. పాత ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకం శ్రేఢుల అధ్యాయంలో రెండూ ఉన్నాయి. వడ్డీ పాఠం ఒకదాంట్లో, శ్రేఢుల పాఠం ఇంకోదాంట్లో తీసి ఒకే వారం చెప్పండి. సూత్రం ఎందుకో పిల్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

అదే పాత పుస్తకంలో సమితులకు ఒక అధ్యాయం ఉంది, వాస్తవ సంఖ్యల్లో సంవర్గమానాలు ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి మొదలయ్యేదే సమితులతో. గుణశ్రేఢితో కలిపి వీటికి 20 గంటలు చాలు. మిగిలిన 23 గంటలు పాత ప్రశ్నపత్రాలకు. రెండు పుస్తకాల్లోనూ ఉన్న పాఠానికి నిర్వచనాలు రెండుసార్లు చదివించొద్దు. రెండోదాంట్లోంచి కష్టమైన లెక్కలు మాత్రం ఏరుకోండి.

సుగ్గికి పోయి నాలుగు నెలలు పోతే మిగిలేది 24 వారాలు, 144 గంటలు. అప్పుడు పాఠానికి అయిదున్నర గంటలే. అలాంటి ఇంట్లో రెండో పుస్తకం ఆ ఏడాది ముట్టకండి. తొందరేమీ లేదు: ఎన్‌ఐఓఎస్‌లో నమోదు అయిదేళ్లు చెల్లుతుంది, పరీక్ష రాయడానికి 9 అవకాశాలు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. 33 శాతం వస్తే పాస్. అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు, లెక్కలొక్కటే ముందు గట్టెక్కొచ్చు. పుస్తకాలు తెలుగు మీడియంలో ఉన్నాయి, వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఒక్క జాగ్రత్త. పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటే, ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌కు అర్హత ఉందో లేదో నమోదుకు ముందే ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో డిగ్రీ చదువుతున్న అక్కలకు, అన్నలకు నా మనవి: మీ వీధిలో బడి ఆగిపోయిన పిల్ల ఉంటే రోజుకో గంట ఆమె పక్కన కూర్చోండి.