గడ్డ తగిలిన రోజు నుంచి గుంటూరు చేరే దాకా

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, అదే ఏడాది 98,000 మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ అంచనా. అంటే ఇద్దరికి జబ్బు తేలే లోపు ఒకరు పోతున్నారు. అమెరికాలో 2024 అంచనా ప్రకారం కొత్త కేసులు 3,10,000, మరణాలు 42,000. అక్కడ ఏడుగురికి ఒకరు. ఈ ఏడాది జబ్బు తేలినవాళ్లూ ఈ ఏడాది చనిపోయినవాళ్లూ ఒకరే కారు కాబట్టి ఇది ముతక లెక్కే. అయినా తేడా ఎంత పెద్దదో దీన్నిబట్టే తెలుస్తుంది.

'వాళ్ల ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు' అని చాలామంది తేల్చేస్తారు. అమెరికాలోనే నల్లజాతి స్త్రీల సంగతి చూడండి. తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే వాళ్లకు ఈ జబ్బు 5 శాతం తక్కువగా వస్తుంది, మరణాలు మాత్రం 38 శాతం ఎక్కువ. రక్తమే కారణమైతే ఈ తేడా మొదటి నుంచీ ఉండాలి కదా? 1980కి ముందు ఇద్దరి మరణాల రేటూ దాదాపు సమానం. ఆ తర్వాత మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), మంచి మందులు వచ్చాయి. అవి ఎవరికి ముందు అందాయో వాళ్ల మరణాలు ముందు తగ్గాయి. రక్తమేమో నలభై ఏళ్లలో మారేది కాదు.

అదే దేశంలో ఆసియా సంతతి స్త్రీలలో, మన తెలుగువాళ్లు కూడా అందులో భాగమే, జబ్బు తేలాక అయిదేళ్లు బతికేవారు వందకు సుమారు 92 మంది. మన దేశంలో 66. 'వాళ్లు చదువుకున్నవాళ్లు, బీమా ఉన్నవాళ్లు, వాళ్లతో మనకు పోలికేంటి' అంటారేమో. నేను చెప్పబోయేదీ అదే.

అలాగని ఒంటి పాత్ర బొత్తిగా లేదనీ కాదు. 'ట్రిపుల్ నెగెటివ్' అనే రకం ఒకటుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గుర్తులూ, హెర్2 అనే ప్రొటీనూ, ఈ మూడింటిలో ఏదీ లేని గడ్డ అది. హార్మోను మాత్రలు, హెర్2 ఇంజెక్షన్లు దాని మీద పనిచేయవు. కీమో మీదే ఎక్కువగా ఆధారపడాలి. పడమటి దేశాల్లో ఇది వందకు 10 నుంచి 15 కేసుల్లో ఉంటే, మన దేశపు పరిశోధనలన్నీ కలిపి చూస్తే 30 దాకా కనిపిస్తోంది. నల్లజాతి స్త్రీలలోనూ తెల్లవారి కంటే రెట్టింపు. ఇందులో వయసుకూ వాటా ఉంది. ఈ రకం చిన్న వయసు వాళ్లలో ఎక్కువ, మన జనాభాలో చిన్న వయసు వాళ్లూ ఎక్కువే.

ఇక అసలు లెక్క. దేశంలోని 11 క్యాన్సర్ రిజిస్ట్రీలు, అంటే ఒక ప్రాంతంలో వచ్చే ప్రతి కేసునూ నమోదు చేసే కేంద్రాలు, 2012–15 మధ్య జబ్బు తేలినవారిని అయిదేళ్లపాటు గమనించాయి. యాభై మంది ఎక్కిన పల్లెవెలుగు బస్సు ఒకటి ఊహించుకోండి. గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు పట్టుకుంటే అయిదేళ్ల తర్వాత ఆ బస్సులో 40 మంది ఉంటారు. చంకలోని గ్రంథులకు పాకాక అయితే 33 మంది. ఎముకలకో ఊపిరితిత్తులకో చేరాక అయితే 9 మంది. దేశం ఒకటే, ఆసుపత్రులు అవే, మందులు అవే. మారిందల్లా ఆసుపత్రి మెట్లెక్కిన రోజు.

ప్రాంతాన్నిబట్టీ తేడా ఉంది. మిజోరంలో అయిదేళ్లు బతికినవారు వందకు 75 మందైతే, అరుణాచల్‌ప్రదేశ్‌లోని పాసీఘాట్‌లో 42 మందే. ఈశాన్యంలోని రెండు కొండప్రాంతాల మధ్యే ఇంత దూరం.

మరి మన పల్నాడు జిల్లాలో ఆసుపత్రి మెట్లెక్కే రోజు ఎందుకు వెనక్కి పోతుంది? ముందుగా, మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేనిదాన్ని జబ్బనుకునే అలవాటు మనకు లేదు. రెండోది సిగ్గు, ఇంట్లో మగవాళ్లకు చెప్పడానికే నెలలు పడుతుంది. ఆపై పొలం పనులు. 'మిరపకోతలు కానీ, చూద్దాం' అంటే నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో ఇంకో నెల. మాచర్ల వైపు సుగాలి తండాల్లో, నల్లమల అంచు చెంచు గూడేల్లో వీటన్నిటికీ రోడ్డు దూరం తోడవుతుంది. తండా పెద్దావిడకు లంబాడీ ఇంటి భాష. డాక్టరు తెలుగులోనో ఇంగ్లిషులోనో రెండు ముక్కలు చెప్పి పంపితే ఆమెకు ఎంత అర్థమవుతుంది?

'ఎన్టీఆర్ వైద్య సేవ ఉందిగా, డబ్బెందుకు అడ్డం?' మంచి ప్రశ్న. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకం ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చు భరిస్తుంది, అది చిన్న సాయం కాదు. పోయిన కూలి మాత్రం దానితో పూర్తిగా తీరదు. ఎందరికో ఎనిమిది కీమోలు, పదిహేను రోజుల రేడియేషన్ అవసరమవుతాయి. రేడియేషన్‌కు మూడు వారాలపాటు, వారానికి రెండు సెలవు రోజులు తప్ప, రోజూ వెళ్లాలి. నరసరావుపేట నుంచి ఈ వైద్యం దొరికే గుంటూరు యాభై కిలోమీటర్ల లోపే, మాచర్ల నుంచి వంద దాటుతుంది. కీమో, రేడియేషన్ కలిపి 23 రోజులు; తోడు వచ్చే మనిషితో కలిపితే 46 కూలి రోజులు. 2024–25 ఉపాధి హామీ రేటు 300 రూపాయలే వేసుకున్నా 13,800 పోయినట్టే. బస్సు చార్జీలు, తిండి, కీమో తర్వాత లేవలేని రోజులు ఇందులో కలపలేదు. సగంలో మానేసినవాళ్లను 'శ్రద్ధ లేదు' అనేముందు ఈ కూడిక వేసి చూడాలి.

ముందే పట్టుకోవాలంటే మామోగ్రామ్ మిషన్లు ఊరూరా పెట్టాలా? అక్కర్లేదని ముంబయి చూపించింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించింది. సగం మందికి, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో అంత లాభం కనిపించలేదు, అదీ చెప్పాలి. మన దేశంలో 30 దాటినవారికి అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో నిర్ణయించారు. అయిదేళ్లు నాకు ఎక్కువనిపిస్తుంది. అదైనా జరుగుతోందా అంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్లవారిలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. ఆ వయసు ఆడవాళ్లు 110 మంది ఉన్న ఊళ్లో ఒక్కరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గురి మూడు అంకెల్లో ఉంది: 60, 60, 80. వందలో కనీసం 60 మందికి తొలి రెండు దశల్లోనే జబ్బు తేలాలి. ఆసుపత్రికి వచ్చిన 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలి. 80 మంది వైద్యం చివరిదాకా చేయించుకోవాలి. ఆ 80 దగ్గర కొందరు కీమో అయ్యాక కూడా జారిపోతారు. హార్మోను రకం గడ్డకు టామాక్సిఫెన్ లాంటి మాత్ర రోజుకొకటి, కనీసం అయిదేళ్లు వేసుకోవాలి. ఖరీదు పెద్దగా ఉండదు. జుట్టు మళ్లీ వచ్చింది, పనికి పోతున్నాం, ఇంకా మందెందుకని కొందరు మధ్యలోనే ఆపేస్తారు. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజన్), పీఆర్ (ప్రొజెస్టిరాన్) పక్కన 'పాజిటివ్' అని ఉంటే ఆ మాత్ర వాళ్లకే. ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు భద్రంగా పెట్టుకుని, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు దాన్నే చూపించాలి.